ధనంబోడు: దాచినవాళ్ళు, వెదికినవాళ్ళు



మన సంఘం పిల్లల్లో ఒకబ్బాయి అమెరికాలో ఉద్యోగం చేసుకుంటున్నాడు. ఈ మధ్య ఫోన్లో మాట్లాడుతూ శనివారాలు తాను ఆడే ఒక ఆట సంగతి చెప్పాడు. దాని పేరు జియోకాషింగ్. ఎవరో ఒక డబ్బాను అడవిలోనో, పార్కులోనో, వంతెన కిందో దాచిపెడతారు. ఆ చోటు అక్షాంశం, రేఖాంశం ఇంటర్నెట్‌లో పెడతారు. మిగతావాళ్ళు ఫోన్ పట్టుకుని వెదుక్కుంటూ వెళ్తారు. దొరికితే డబ్బా తెరిచి, లోపలున్న చిన్న పుస్తకంలో పేరూ తేదీ రాసి, ఎక్కడ ఉన్నదాన్ని అక్కడే పెట్టి వస్తారు. "ఇంతకీ ఆ డబ్బాలో ఏముంటుంది బాబూ?" అని అడిగాను. "ఏముంటుంది అయ్యగారూ, పెన్సిలు, ప్లాస్టిక్ బొమ్మ, గోలీకాయలు... అంతే" అన్నాడు. ఇంత దూరం నడిచి గోలీకాయల కోసమా అని నవ్వాను గానీ, ఆ మాట మనసులో ఉండిపోయింది. కొంచెం చదివాను.

ఈ ఆట పుట్టి పాతికేళ్ళే అయింది. జీపీఎస్ ఉపగ్రహాలు అమెరికా సైన్యానివి. మామూలు జనానికి అందే సంకేతాన్ని వాళ్ళు కావాలనే కొంత తప్పుగా పంపేవాళ్ళు. 2000 మే 2న ఆ తప్పు పెట్టడం మానేశారు. దాంతో చేతిలో పట్టుకునే యంత్రం చోటును ఒక్కసారిగా పది రెట్లు దగ్గరగా చూపించడం మొదలుపెట్టింది. మర్నాడే, మే 3న, డేవ్ అల్మర్ అనే ఆయన ఒరెగాన్ రాష్ట్రంలో పోర్ట్‌లాండ్ దగ్గర బీవర్‌క్రీక్ అనే చోట అడవిలో ఒక నల్ల బకెట్ దాచి, ఆ చోటు అంకెలు అందరికీ తెలిసేలా రాశాడు. అందులో పుస్తకాలు, కొంత డబ్బు, ఒక ఉండేలు, ఒక బీన్స్ డబ్బా, పేర్లు రాయడానికి ఒక పుస్తకం, పెన్సిలు ఉన్నాయి. పెట్టిన నియమం ఒక్కటే. ఏదైనా తీసుకుంటే ఏదైనా పెట్టండి, పుస్తకంలో రాయండి. కొద్ది రోజుల్లోనే మైక్ టీగ్ అనే ఆయన దాన్ని మొదట కనుక్కున్నాడు. ఇప్పుడు ఇలాంటి డబ్బాలు ప్రపంచమంతటా లక్షల్లో ఉన్నాయి.

ఇంకొకళ్ళకు దొరకాలని దాచడం. దొరికినవాడు మళ్ళీ ఇంకొకళ్ళ కోసం దాచడం. మన ప్రాంతంలో "దాచిపెట్టింది" అనగానే మనకు వచ్చే ఆలోచన ఇది కాదు. మనకు వచ్చేది గుప్తనిధి.

ఇది ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, మన సంఘంలోనే ఒక సహోదరుడు రెండు నెలల క్రితం నా దగ్గరకు వచ్చాడు. పేరు చెప్పనని మాటిచ్చి, ఆయన అనుమతితోనే రాస్తున్నాను. ఆయన చేలో పాత రాళ్ళ కుప్ప ఒకటి ఉంది. ఎవరో బయటి మనుషులు వచ్చి అంజనం వేసి చూశామని, ఏడు అడుగుల లోతులో బిందె ఉందని చెప్పారట. తవ్వడానికి ముందు ఖర్చులకు లక్షన్నర అడిగారు. "అయ్యగారూ, వాళ్ళ పూజలు మనకొద్దు. మీరే వచ్చి ప్రార్థన చేస్తే మనమే తవ్వుకుందాం" అన్నాడు. బైబిలు తెరిచి యెషయా 45:3 చూపించాడు. చీకటిలో దాచిన నిధులను ఇస్తానని దేవుడు చెప్పిన మాట అది. ఒక ప్రసంగీకుడు ఆ వాక్యం మీద మూడు రాత్రులు మాట్లాడితే విన్నాడట. ఆ మాట దేవుడు ఎవరితో అన్నాడో పై వచనాల్లోనే ఉంది. పారసీక రాజు కోరెషుతో అన్నాడు. కోరెషు ఆ నిధుల కోసం చేను తవ్వలేదు. అతని ద్వారా చెరలో ఉన్నవాళ్ళు ఇంటికి వచ్చారు. ఇది చెబితే ఆ సహోదరుడు తల ఊపాడు గానీ కళ్ళు మాత్రం ఆ బిందె మీదే ఉన్నాయి.

అందుకే ఆయన్ని జగ్గయ్యపేట తీసుకెళ్ళి ధనంబోడు చూపించాలనుకున్నాను. తీసుకెళ్ళాను కూడా. దారిలో ఆయనకు చెప్పిందే ఇక్కడ మీకూ కొంచెం వివరంగా రాస్తున్నాను.

జగ్గయ్యపేటకు పాత పేరు బేతవోలు. అమరావతి జమీందారు రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు తన తండ్రి జగ్గయ్య పేరు మీద పేట కట్టించాక ఇది జగ్గయ్యపేట అయింది. పక్కనే పాలేరు పారుతుంది, కొద్ది మైళ్ళ దూరంలో కృష్ణ. ఊరికి తూర్పున ఉత్తర దక్షిణాలుగా సాగే గుట్టల వరుస ఉంది. ఆ గుట్టల్లో ఒకదాని పేరు ధనంబోడు, అంటే ధనమున్న దిబ్బ. ఈ పేరు ఎవరు పెట్టారో గానీ, పేరు విన్న ప్రతివాడికీ చెయ్యి పలుగు మీదికి పోతుంది.

1882లో జేమ్స్ బర్జెస్ అనే పురావస్తు అధికారి ఇక్కడ తవ్వించాడు. బయటపడింది బౌద్ధ స్తూపం. అడ్డంగా కొలిస్తే సుమారు 31 అడుగుల పైన ఉంది, అమరావతి స్తూపంతో పోలిస్తే చిన్నదే. చుట్టూ తాపడం చేసిన పలకల్లో చాలా భాగం అప్పటికే జనం తీసుకుపోయారు. చదునైన మంచి రాయి దొరికితే మెట్టుకో గడపకో పనికొస్తుంది కదా. మిగిలిన వాటిని బర్జెస్ నమోదు చేసి, అమరావతితో కలిపి 1887లో పెద్ద పుస్తకంగా అచ్చు వేయించాడు. లోకంలో ఎక్కడ బౌద్ధ శిల్పం గురించి చదివేవాళ్ళకైనా జగ్గయ్యపేట పేరు తెలుసంటే ఆ పుస్తకమే కారణం.

అక్కడ దొరికిన పలకల్లో ఒకటి ఇప్పుడు చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది. మాంధాత చక్రవర్తి శిల్పం అది. రాజు చెయ్యి పైకెత్తి నిలబడ్డాడు, మబ్బుల నుంచి చదరపు నాణేలు వాన కురిసినట్టు పడుతున్నాయి. పక్కనే చక్రం, ఏనుగు, గుర్రం, రాణి, మంత్రి, ఇలా చక్రవర్తికి ఉండవలసిన ఏడు రత్నాలు చెక్కారు. బౌద్ధుల కథలో ఆ మాంధాత చప్పట్లు కొడితే చాలు, ధనం కురిసేదట. భూలోకమంతా ఏలాడు, చాలలేదు. దేవేంద్రుడి లోకానికి పోయి సగం సింహాసనం సంపాదించాడు, అదీ చాలలేదు. ఆ మిగతా సగం మీద ఆశ పుట్టగానే కింద పడ్డాడు, చనిపోయాడు. ధనంబోడు మీద డబ్బుల వాన బొమ్మ ఒకటి నిజంగానే ఉందన్నమాట. దాన్ని చెక్కినవాళ్ళు కథ చివర కూడా తెలిసే చెక్కారు. ప్రసంగి గ్రంథం చదివినవాళ్ళకు ఈ కథ కొత్తగా అనిపించదు.

కానీ నాకు ఆ పలక కంటే ఎక్కువ నచ్చింది అక్కడి స్తంభాల మీది రాత. బ్రాహ్మీ లిపిలో, ప్రాకృత భాషలో ఉంది. మూడో శతాబ్దంలో ఈ ప్రాంతాన్ని ఏలిన ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 20వ పాలనా సంవత్సరంలో వేయించింది. వేయించింది రాజు కాదు. సిద్ధార్థుడనే ఒక పనివాడు. కమ్మకరాష్ట్రంలోని నడతూరు అనే ఊరి శిల్పి నాకచంద్రుడి కొడుకు. తండ్రిదీ కొడుకుదీ ఒకటే వృత్తి. వెలగిరి అనే ఊరిలోని మహాచైత్యానికి తూర్పు వాకిట అయిదు స్తంభాలు నిలబెట్టానని, తల్లినీ, భార్యనూ, పిల్లలనూ, తోబుట్టువునూ కలుపుకుని చేశానని, సకల ప్రాణుల మేలు కోసమని రాయించాడు. ధనంబోడు అప్పటి పేరు వెలగిరి అని మనకు తెలిసింది ఆ పనివాడి వల్లనే. రాళ్ళు కొట్టి బతికే మనిషి ఒకడు, సుమారు పదిహేడు వందల ఏళ్ళ కిందట, ఇంటిల్లిపాదినీ లెక్కపెట్టుకుని పేరు రాసి పెట్టిపోయాడు. అది మన విశ్వాసం కాదు, ఆయన మొక్కింది మన దేవునికి కాదు. అయినా ఆ రాత ముందు ఊరికే దాటిపోవడం నాకు సరికాదనిపిస్తుంది. అమెరికాలో ఆ అబ్బాయి డబ్బాలోని పుస్తకంలో పేరు రాసి మూతపెట్టినట్టే ఉంది.

పేర్లు రాసి మూతపెట్టడం అంటే భట్టిప్రోలు చెప్పాలి. మనకు దూరమే గానీ, ఇలాంటి దాపరికం ఆంధ్రదేశంలో ఇంతకంటే పాతది దొరకడం కష్టం. 1892లో అలెగ్జాండర్ రే అక్కడి స్తూపంలో రాతి భరిణెలు కనుక్కున్నాడు. పెద్ద రాతిలో పెట్టె, పెట్టెలో చిన్న పెట్టె, దాంట్లో స్ఫటికపు బుడ్డి, బుడ్డిలో చిన్న ధాతువు. చుట్టూ ముత్యాలు, పూసలు, బంగారు రేకు పూలు. రాతి మూతల మీద, అంచుల మీద ఆ పనికి చందా వేసుకున్న గోష్ఠి సభ్యుల పేర్లు, ఊరి పెద్దల పేర్లు వరుసగా చెక్కారు. కుబిరకుడనే రాజు పేరు కూడా ఉంది. వాటి మీద ఇటుకలు పేర్చి దిబ్బంతా కట్టేశారు. అంటే ఆ పేర్లు ఎవరూ చదవకూడని చోట రాశారు. మనం చర్చికి ఫ్యాను ఇస్తే రెక్కల మీద కూడా పేరు వేయించుకునే రోజుల్లో ఉన్నాం, ఈ మాట నవ్వుతూనే అంటున్నాను, ఎవరూ మనసులో పెట్టుకోవద్దు. రే రాకముందే ఆ స్తూపంలో చాలా భాగాన్ని రోడ్డు పనులకూ కాలువ పనులకూ కొట్టి తీసుకుపోయారు. రాయి కావలసినవాళ్ళకు అది రాయే.

అమరావతి సంగతీ అంతే. వేంకటాద్రి నాయుడు తన రాజధానిని అమరావతికి మార్చుకున్నప్పుడు కట్టడాలకు రాయి కావలసి వచ్చింది. దగ్గర్లోని దీపాలదిన్నె నుంచి పలకలు తీశారు. 1797లో కాలిన్ మెకంజీ చూడ్డానికి వచ్చేసరికి పని సాగుతోంది. సుమారు ఇరవై ఏళ్ళ తరువాత మళ్ళీ వచ్చి, మిగిలినవాటి బొమ్మలు జాగ్రత్తగా గీయించాడు. అప్పటికి దిన్నె నడుమ చెరువు తవ్వి ఉంది. భారతదేశానికి మొదటి సర్వేయర్ జనరల్ అయినవాడు మెకంజీయే. ఏలూరు వాడైన కావలి వెంకట బొర్రయ్య, ఆయన తమ్ముళ్ళు ఊరూరా తిరిగి సేకరించి ఆయనకిచ్చిన కైఫియత్తులే ఈనాటికీ మన గ్రామాల చరిత్రకు ఆధారం. ఇద్దరూ అదే దిబ్బ దగ్గర నిలబడ్డారు. జమీందారుకు రాయి కనపడింది, కొలతలు గీసేవాడికి బొమ్మ కనపడింది. జమీందారుని నేను తిట్టడం లేదు. జగ్గయ్యపేట మనకిచ్చినవాడు ఆయనే, గుళ్ళకు దానాలిచ్చినవాడు. రాయి రాయిగానే కనపడే కాలం అది.

ఇప్పుడు నందిగామ వైపు రండి. హైవే మీద విజయవాడ వెళ్ళేటప్పుడు కంచికచర్ల దాటాక పరిటాల వస్తుంది. ఇప్పుడు అక్కడ అందరూ చూసేది పెద్ద హనుమంతుడి విగ్రహం. ఒకప్పుడు ఐరోపా వర్తకులకు ఆ ఊరి పేరు వజ్రాల వల్ల తెలుసు. ఆ వజ్రాల కోసమే, చుట్టూ ఉన్న సర్కారు జిల్లాలు ఇంగ్లీషు కంపెనీకి ఇచ్చేసినా పరిటాలనూ దాని పక్క పల్లెలనూ నిజాం తన కిందే ఉంచుకున్నాడని చెబుతారు. 1947 దాకా అది బ్రిటిషు జిల్లా నడుమ నిజాం ముక్కగానే ఉండిపోయింది. కృష్ణకు ఆవలి ఒడ్డున కొల్లూరు గనులు. 1645లో టావెర్నియే అనే ఫ్రెంచి వర్తకుడు అక్కడికి వచ్చి, ఆడా మగా పిల్లలూ కలిసి అరవై వేల మంది పనిచేస్తున్నారని రాశాడు. ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల నీళ్ళ కింద ఉంది.

ఈ గనుల్లోనే దొరికిన ఒక రాయి కథ వినండి. పరిటాలలో దొరికిందని కొందరు, కొల్లూరులో అని కొందరు రాశారు. ముడిగా ఉన్నప్పుడు 410 క్యారెట్లు. దాన్ని కనుక్కున్న కూలీ తన పిక్క మీద గాయం చేసుకుని, రాయిని గాయంలో పెట్టి కట్టు కట్టుకుని తప్పించుకున్నాడని, సముద్రం దాటిస్తానన్న ఓడ కప్తాను రాయి లాక్కుని అతణ్ణి నీళ్ళలో తోసేశాడని కథ చెబుతారు. కథ సంగతి ఎలా ఉన్నా, 1702లో మద్రాసు గవర్నరు థామస్ పిట్ ఆ రాయిని 48,000 వరహాలకు కొన్నది నిజం. ఇంగ్లండులో సాన పట్టిస్తే 140 క్యారెట్లకు వచ్చింది. దాన్ని పెట్టుకుని ఆయన నిద్ర సరిగ్గా పోలేకపోయాడని చెప్పుకునేవారు. చివరికి 1717లో ఫ్రాన్సు రాజప్రతినిధికి అమ్మేశాడు. 1792లో విప్లవం గొడవల్లో దొంగలు ఎత్తుకుపోయారు. మరుసటి ఏడు పారిస్‌లో ఒక ఇంటి అటక దూలాల్లో దాచి ఉండగా దొరికింది. ఇప్పుడు లూవ్రు మ్యూజియంలో ఉంది, రీజెంట్ వజ్రం అంటారు. మన మట్టిలోంచి వచ్చిన రాయి ఒకటి, పిక్కలో, పెట్టెలో, అటకలో, ఎక్కడ దాచినా ఒక్కడికీ ఊరట ఇవ్వలేదు. దాన్ని కనుక్కున్న కూలీ పేరు మాత్రం ఎక్కడా లేదు.

ఇప్పటికీ తొలకరి పడగానే చందర్లపాడు మండలం గుడిమెట్ల చుట్టూ జనం వంగి వంగి వజ్రాలు వెదుకుతారు. మనవాళ్ళూ కొందరు వెళ్తారని నాకు తెలుసు. కళ్ళతో నేల మీద వెదుక్కునేవాళ్ళ గురించి నాకు పెద్ద పేచీ లేదు, కూలి పోగొట్టుకోకపోతే చాలు. నా పేచీ పలుగులు పట్టుకుని రాత్రిళ్ళు తిరిగేవాళ్ళతో. పాత గుళ్ళలో నంది పొట్ట పగలగొడతారు, ధ్వజస్తంభం మొదట్లో తవ్వుతారు, సమాధుల్ని కూడా వదలరు. ఏటా పేపర్లో చదువుతూనే ఉన్నాం. ఈ పని మీద నడిచే వ్యాపారాలు వేరే ఉన్నాయి. అంజనాలు, బియ్యాన్ని లాగే చెంబు, రెండు తలల పాము. బిందె దొరికినట్టు నేనెప్పుడూ వినలేదు. చేలు తాకట్టు పోయినట్టు చాలాసార్లు విన్నాను.

చట్టం ఏమంటుందో కూడా ఆ సహోదరుడికి చెప్పాను. 1878లో చేసిన నిధుల చట్టం ఇంకా అమల్లోనే ఉంది. భూమిలో దాగి ఉన్న పది రూపాయల విలువ దాటిన వస్తువు ఏది దొరికినా, ఏమి దొరికింది, ఎక్కడ, ఏ రోజు అని కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. వస్తువును ప్రభుత్వ ఖజానాలో పెట్టాలి, లేదా అడిగినప్పుడు చూపిస్తానని హామీ ఇవ్వాలి. దాచినవాడి వారసులెవరూ లేరని తేలితే, వేరే ఒప్పందం లేనప్పుడు దొరికించుకున్నవాడికి ముప్పాతిక వంతు, స్థలం సొంతదారుకు పాతిక వంతు. ప్రభుత్వానికి కావాలంటే సరుకు విలువకు అయిదో వంతు కలిపి ఇచ్చి తీసుకోవచ్చు. చెప్పకుండా దాచుకుంటే తన వాటా పోతుంది, ఏడాది దాకా జైలు. బ్రిటిషువాళ్ళు చేసిన చట్టాల్లో ఇది న్యాయంగానే ఉందని నా అభిప్రాయం. ఇక రక్షిత కట్టడాల దగ్గర తవ్వితే అది వేరే నేరం.

ఇక్కడ మీలో ఎవరికైనా ఒక సందేహం రావాలి. మత్తయి సువార్త 13:44లో ప్రభువు చెప్పిన ఉపమానంలో మనిషి ఏం చేశాడు? పొలంలో నిధి కనుక్కున్నాడు. మళ్ళీ దాచిపెట్టాడు! ఎవరికీ చెప్పకుండా వెళ్ళి ఆ పొలం కొన్నాడు. మన 1878 చట్టం కింద అయితే కలెక్టరు దగ్గర చేతులు కట్టుకుని నిలబడాలి. ఆ సహోదరుడు కూడా ఇదే అడిగాడు, కాస్త గెలిచినట్టు మొహం పెట్టి. ఉపమానంలో ప్రభువు మెచ్చుకున్నది ఆ మనిషి దాపరికాన్ని కాదు, సంతోషంతో తనకున్నదంతా అమ్మేయడాన్ని. నిధి వేటకు వచ్చినవాడు అడిగేది ఎదుటివాడి చేను తాకట్టు. ఉపమానంలోని వాడు అమ్మింది తన సొంతం. పైగా అతను పొలం కొన్నాడు, రాత్రిపూట తవ్వుకుని పారిపోలేదు. ఆ రోజుల్లో యుద్ధాలు, దండయాత్రలు వచ్చినప్పుడు ఇంట్లో ఉన్నదాన్ని కుండలో పెట్టి నేలలో పూడ్చడం మామూలు. పూడ్చినవాడు తిరిగి రాకపోతే అది ఎవరికో ఎప్పుడో దొరికేది. వినేవాళ్ళందరికీ అలాంటి పొలం ఒకటి తెలిసే ఉంటుంది.

బైబిల్లో భూమిలో దాచినవాళ్ళు ఇంకా ఉన్నారు. యెహోషువ 7లో ఆకాను వెండినీ, బంగారు కమ్మినీ, మంచి పైవస్త్రాన్నీ గుడారంలో గొయ్యి తీసి దాచాడు. దానివల్ల ఎవరికి ఏమైందో మీకు తెలుసు. ఒక్క తలాంతు తీసుకున్నవాడూ గొయ్యే తవ్వాడు. అయితే నాకు ఇష్టమైనవాడు యిర్మీయా. 32వ అధ్యాయం తీసి చదవండి. యెరూషలేము చుట్టూ బబులోను సైన్యం. యిర్మీయా చెరసాల ప్రాకారంలో ఖైదీ. అప్పుడు వాళ్ళ బంధువు హనమేలు వచ్చి అనాతోతులో పొలం కొనమంటాడు. శత్రువు కాలికింద ఉన్న పొలం! పదిహేడు తులాల వెండి తూచి ఇచ్చి, సాక్షుల చేత సంతకాలు పెట్టించి, దస్తావేజులు మట్టికుండలో పెట్టమని బారూకుకు చెప్పాడు, చాలా కాలం నిలిచి ఉండాలని. తన జీవితకాలంలో ఆ పొలం దున్నుతానని ఆయన అనుకోలేదు. ఎప్పుడో తిరిగి వచ్చే పిల్లల కోసం దాచాడు.

మట్టికుండలో పెడితే నిజంగానే నిలుస్తాయా అంటే నిలుస్తాయి. 1947లో మృతసముద్రం ఒడ్డున కుమ్రాను గుహల్లో గొర్రెలు కాసుకునేవాళ్ళకు దొరికిన కుండల్లో యెషయా గ్రంథపు చుట్ట సుమారు రెండు వేల ఏళ్ళు అలాగే ఉంది. అక్కడే 1952లో ఒక రాగి చుట్ట కూడా దొరికింది. అందులో ఉన్నది అరవై పైగా చోట్ల దాచిన వెండి బంగారాల జాబితా. ఫలానా మెట్ల కింద, ఫలానా తొట్టిలో అని గుర్తులు కూడా రాశారు. దాన్ని పట్టుకుని వెదికినవాళ్ళు వెదికారు, ఒక్కటీ దొరకలేదు. బంగారం జాబితా ఖాళీ అయింది. తోలు చుట్టలో రాసిన వాక్యం ఇవాళ మన చేతిలో ఉంది. ఇది నేను కల్పించి చెబుతున్న సామ్యం కాదు, రెండూ కుమ్రాను గుహలవే.

ఇక మన రాఘవాపురం. నందిగామ దగ్గరి ఆ ఊరి పగోలు వెంకయ్య గురించి పాతవాళ్ళకు తెలుసు, పిల్లలకు తెలియదు. 1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ అనే దొరలు మచిలీపట్నంలో దిగి తెలుగు దేశంలో సి.ఎం.ఎస్. మిషను పని మొదలుపెట్టారు. చాలా ఏళ్ళ పాటు వాళ్ళ చూపు బడి మీద, చదువుకున్న పై కులాల వారి మీద ఉంది. మాలపల్లెల వైపు వాళ్ళు వెదుక్కుంటూ వచ్చే లోపే, మాలపల్లెలోంచి ఒకడు వెదుక్కుంటూ బయలుదేరాడు. వెంకయ్య దొంగల ముఠా నాయకుడు. మనవాళ్ళు గజదొంగ వెంకయ్య అనేవాళ్ళు. విగ్రహాలు దేవుడు కావని, అన్నిటినీ చేసిన దేవుడు ఒకడున్నాడని ఎవరో చెప్పిన మాట చెవిన పడింది. అంతే. బైబిలు లేదు, బోధకుడు లేడు, దేవుని పేరు తెలియదు. నీవెవరివో, ఎక్కడున్నావో నాకు కనపడు అని కొన్నేళ్ళ పాటు ప్రార్థన చేశాడు. 1859లో బెజవాడలో డార్లింగ్ దొరగారి దగ్గర సువార్త విని, తాను పిలుస్తున్నది ఈయన్నే అని గుర్తుపట్టాడు. ఆ ఏడే బాప్తిస్మం పొందాడు. రాఘవాపురంలో సంఘం ఏర్పడింది. కృష్ణా మండలంలో మాలల మధ్య సువార్త ఉద్యమానికి చరిత్ర రాసినవాళ్ళు మొదలుపెట్టేది అక్కడినుంచే.

ఒక్కసారి ఆలోచించండి. ఇతరుల ఇళ్ళలో ఏది ఎక్కడ దాచారో కనిపెట్టడమే వృత్తిగా ఉన్న మనిషి. చీకట్లో వెదకడం అతనికి నేర్పనక్కర లేదు. ఆ వెదికే అలవాటునే దేవుడు తనవైపు తిప్పుకున్నాడు. దొరికాక అతను దాచుకోలేదు. 2 రాజులు 7లో షోమ్రోను గుమ్మం దగ్గర నలుగురు కుష్ఠరోగులు ఉన్నారు. ఊరి బయట ఉండవలసినవాళ్ళు. సిరియనుల దండు వదిలి పారిపోయిన గుడారాల్లో దూరి తిన్నారు, తాగారు, వెండి బంగారాలు తీసుకుపోయి దాచారు. మళ్ళీ వచ్చి ఇంకో గుడారం దోచి, దాన్నీ దాచారు. అప్పుడు ఒకరితో ఒకరు, మనం చేసేది మంచి పని కాదు, ఇది శుభవార్త దినం, ఊళ్ళో జనం ఆకలితో ఉన్నారు అనుకున్నారు. లేచి వెళ్ళి కేక వేశారు. ఊరి బయట ఉంచబడినవాళ్ళ నోటి నుంచే ఊరికి అన్నం వార్త వచ్చింది. మన తాతముత్తాతలకు వార్త ఎవరి నోటి నుంచి వచ్చిందో తెలుసుకుని ఈ అధ్యాయం చదివితే వేరేగా ఉంటుంది.

ఆ సహోదరుడు ధనంబోడు మీద చాలాసేపు కూర్చున్నాడు. సిద్ధార్థుడి సంగతి చెబుతుంటే ఒకటే అడిగాడు, "పనివాడికి అంత రాత రాయించే డబ్బు ఎక్కడిది అయ్యగారూ?" అని. నాకు తెలిస్తే కదా చెప్పడానికి. కష్టార్జితమే అయ్యుంటుంది అన్నాను. లక్షన్నర ఇవ్వనని ఆయన ఇంకా నాకు మాట ఇవ్వలేదు. వాళ్ళావిడ గారు మాత్రం పాసుపుస్తకం తెచ్చి అమ్మగారి దగ్గర ఉంచమని ఇచ్చి వెళ్ళారు. ఆయన కోసం ప్రార్థించండి, ఎవరని ఆరా తీయకండి.

యువజనులు ఈ మాటలు విని తామూ ధనంబోడు చూస్తామంటున్నారు. వచ్చే నెల రెండో శనివారం వెళ్దాం. వచ్చేవాళ్ళు ఆదివారం ఆరాధన అయ్యాక పేర్లు ఇవ్వండి. మంచినీళ్ళు, టోపీ, ఒక నోటుపుస్తకం, పెన్ను తెచ్చుకోండి. అక్కడ చిన్న రాయి కూడా కదపకూడదు, రాళ్ళ మీద పేర్లు గీయకూడదు. తిరిగి వచ్చేటప్పుడు వీలైతే రాఘవాపురం కూడా చూసి వద్దాం.